తమ్ముడి మడమ

నా చిన్నప్పుడు నేను చేసిన పనుల్లో తలుచుకోవడానికి మనసొప్పనిది ఒకటుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మాది కొల్లేరు పక్కన చిన్న ఊరు. ఏలూరు ఆసుపత్రిలో తమ్ముడు పుట్టాడు. మూడోనాటికల్లా వాడి ఒళ్లంతా పసుపు పూసినట్టయింది. పచ్చకామెర్లన్నారు. నీలం లైటు కింద పడుకోబెట్టి, రోజూ పొద్దున్నే మడమకు సూది గుచ్చి రక్తం తీసేవారు.

బాలింత కంటతడి పెడితే కళ్లు దెబ్బతింటాయని మా అమ్మమ్మ నమ్మకం. అందుకని సూది వేళకు అమ్మను వరండాలోకి పంపేసేది. "పసిగుడ్డుకి నొప్పేం తెలుస్తుందండీ, మీ పని మీరు కానివ్వండి," అని సిస్టరుతో అనేది. అమ్మమ్మది రాతిగుండె కాదు. కూతురి కళ్ల బెంగలో మనవడి సంగతి మరిచిపోయింది, అంతే. వాడి కాలు పట్టుకునే పని నాకు అప్పజెప్పింది. నాకూ పెద్దరికం వచ్చిందని తెగ మురిసిపోయాను.

మొదటిరోజు వాడు గుక్కపట్టి ఏడ్చాడు. కాలు లాక్కున్నకొద్దీ నేను ఇంకా బిగించి పట్టుకున్నాను. రెండోరోజూ అంతే. మూడోరోజు సూది దిగినా ఏడుపు లేదు. కాలు లాక్కున్నాడు, నోరు తెరిచాడు గానీ గొంతు రాలేదు.

"చూశావా, అలవాటైపోయింది నా బంగారు తండ్రికి," అంది అమ్మమ్మ. నేనూ నవ్వాను.

పక్క మంచం దగ్గరున్న పెద్ద సిస్టరు ఆ మాట విని ఇటు వచ్చింది. "అలవాటు కాదండీ, ఏడ్చి ఏడ్చి అలిసిపోయాడు. ఆ పిడికిళ్లు చూడండి," అంది. చూశాను. గోళ్లు తెల్లబడేలా బిగుసుకుని ఉన్నాయి. నుదురంతా ముడతలు.

మర్నాడు ఆవిడే అమ్మను లోపలికి పిలిచింది. వాడిని అమ్మ గుండెకానించి, ముందు కాసేపు పాలు తాగనిచ్చి, తాగుతుండగానే రక్తం తీసింది. వాడు ఒక్క క్షణం ఆగి, చిన్నగా మూలిగి, మళ్లీ తాగసాగాడు. అమ్మ కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి. ఆ కళ్లకేమీ కాలేదు, ఇప్పటికీ కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది.

తమ్ముడిప్పుడు నాకన్నా జానెడు పొడుగు. వాడికేమీ గుర్తులేదు. నాకు మాత్రం, నోరెత్తని పిల్లను చూపించి ఎవరైనా బుద్ధిమంతురాలంటే భయం వేస్తుంది. సిస్టరు చెప్పాక నేను మారాను, నిజమే. కానీ అంతకుముందు మూడు పొద్దులు వాడు కాలు లాక్కున్నాడు, నేను వదల్లేదు.