బుట్టలో గైడుగారు

కొండలెక్కి కాలో చెయ్యో విరగ్గొట్టుకొచ్చిన వాళ్ళ కథలు మీరు చాలా వినుంటారు. నాకు అలాంటిదేమీ జరగలేదు. నేను చేసిన ఘనకార్యం వేరు. దారి చూపించమని నేపాల్‌లో ఒక గైడుని కుదుర్చుకుని, తెల్లారేసరికి ఆయన్ని మంచాన పడేసి, చివరికి ఆయన్నే భుజాల మీద మోసుకుంటూ కొండెక్కాను. ఆ ఊళ్ళో ఇప్పటికీ మా గురించి చెప్పుకుంటూనే ఉంటారు. పొగుడుతూ మాత్రం కాదు.

మాది నిడదవోలు. మా వైపు నేల చాప పరిచినట్టు చదునుగా ఉంటుంది. కాలవగట్టే మాకు పెద్ద ఎత్తు. ఆ గట్టు మీద రోజూ పొద్దున్నే నడిచే బృందం ఒకటుంది. నడక కాసేపు, ఆ తర్వాత ఇడ్లీ హోటల్లో కూర్చోవడం చాలాసేపు. మా అందరిలోకీ పెద్దాయన వెంకట్రావు మాస్టారు. హైస్కూల్లో నాకు సోషల్ చెప్పారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకి హిమాలయాల గురించి పాఠం చెప్పిన మనిషి ఒక్క మంచుకొండనీ కళ్ళారా చూడలేదు.

"మోకాళ్ళు పూర్తిగా మొరాయించేలోపు ఒక్కసారి చూడాలి సత్తిబాబూ" అన్నారు ఒకరోజు ఇడ్లీ తుంచుకుంటూ.

ఆ మాటకి నా మనసు కలుక్కుమంది. కలుక్కుమన్నాక ఊరుకోవాలి కదా! ఊరుకోలేదు. "నేను చూపిస్తాను మాస్టారూ. నాదీ పూచీ" అనేశాను.

అలా మాస్టారు, నేను, మా ఆవిడ పద్మ, రైసుమిల్లు చిట్టిబాబు, ఇంకో ఇద్దరు గట్టు మిత్రులు కలిసి బయల్దేరాం. కొండెక్కడం అలవాటవ్వాలని రైల్వేస్టేషన్లో ఫుట్‌బ్రిడ్జి ఎక్కి దిగుతూ సాధన కూడా చేశాం. మేం ఏ బండికి వెళ్ళాలో తెలీక తిరుగుతున్నామనుకుని పోర్టర్లు జాలిపడ్డారు. నేపాల్‌లో మేం చూడాల్సిన శిఖరం పేరు అన్నపూర్ణ. ఆ పేరు విన్నప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది.

గైడు పేరు పెంబా. సన్నగా, చురుగ్గా, మర్యాదగా ఉన్నాడు. ఆయన హిందీ మాకంటే మెరుగు, మా హిందీ ఆయన ఓపికకి పరీక్ష. కొండ కింద లాడ్జీకి సాయంత్రానికి చేరాం. మర్నాడు పొద్దున్నే పైకెక్కి శిఖరం చూసి దిగిపోవాలి, ఆ వెంటనే తిరుగు బస్సు. పొద్దెక్కితే మబ్బు కమ్మేస్తుందని, ఆలస్యం చేయకూడదని పెంబా గట్టిగా చెప్పాడు.

భోజనాలకి కూర్చున్నాం. పెంబా మాత్రం గోడవారగా నిలబడ్డాడు.

"రండి, కూర్చోండి" అన్నాను.

"మీరు కానివ్వండి సార్. గైడు ఆఖర్న తింటాడు. ఇక్కడ పద్ధతి అది."

చిట్టిబాబు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఏంటండీ ఇది! మనిషిని నిలబెట్టి మనం తినడమా? మా మిల్లుకొచ్చిన లారీ డ్రైవర్ని కూడా కూర్చోబెట్టి పెడతామండి, ఆయ్!"

పెంబాని లాక్కొచ్చి మా మధ్యలో కూర్చోబెట్టాం. పద్మ సంచీ విప్పింది. ఆ సంచీలో స్వెట్టర్లున్నాయని నేను ఊరినుంచి మోసుకొచ్చాను. అందులోంచి ఆవకాయ, గోంగూర, కందిపొడి, నెయ్యి, జంతికలు, పూతరేకులు వరసగా బయటికొచ్చాయి.

"మా ఊరి రుచి చూడండి అన్నయ్యగారూ" అంటూ పద్మ వడ్డించింది.

పాపం పెంబా ఎంత మర్యాదస్తుడంటే, పెట్టినదల్లా తిన్నాడు. అదే మా కొంప ముంచింది. తిన్నకొద్దీ మాకు హుషారొచ్చింది. "కందిపొడి తిని గోంగూర తినకపోతే ఎలాగండీ" అని ఒకరు, "నెయ్యి తక్కువైంది, అందుకే గొంతు దిగట్లేదు" అని ఒకరు. చివర్లో ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అభిమానంతో అనుకున్నాం. అది ఆవకాయ.

తెల్లారింది. ఆకాశం కడిగినట్టుంది. మేం షూలేసుకుని, మఫ్లర్లు చుట్టుకుని సిద్ధం. పెంబా రాలేదు. గదిలోకి వెళ్ళి చూస్తే మంచం మీద పొట్ట పట్టుకుని మడతపడి ఉన్నాడు.

"ఎలా ఉందండీ?"

"కూర్చుంటే పర్లేదు సార్. నిలబడితే మాత్రం..." అంటూ నిలబడబోయి మళ్ళీ కూలబడ్డాడు.

లాడ్జీ యజమానురాలు నడుం మీద చేతులేసుకుని మమ్మల్ని పై నుంచి కిందకి చూసింది. "ఇరవయ్యేళ్ళ పిల్లాడప్పట్నుంచీ ఈ కొండల్లో తిరుగుతున్నాడు. మంచు తుఫాన్లో కూడా మంచం పట్టలేదు. ఒక్క పూటలో ఏం చేశారు మీరు?"

వేరే గైడు దొరకడు. పైకి అడవిలో దారి ఎన్నోచోట్ల చీలుతుంది, మాకు తెలీదు. మాస్టారు బల్ల మీద కూర్చుని మఫ్లర్ విప్పడం మొదలుపెట్టారు. "పోనీలే సత్తిబాబూ. మనిషి ఆరోగ్యం కంటే కొండ ఎక్కువా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మఫ్లర్ మడతపెడుతున్న చేతులు చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సరిగ్గా అప్పుడే నా కంటికి లాడ్జీ గోడవారన కట్టెలు మోసే పెద్ద వెదురుబుట్ట కనిపించింది. మీకు అర్థమైపోయింది కదా! నా మిత్రులకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"దారి ఆయనకి తెలుసు. కాళ్ళు మనకున్నాయి" అన్నాను.

పెంబా హడలిపోయాడు. "వద్దు సార్! ఈ దారిలో గైడ్లంతా నా వాళ్ళే. నా పరువు పోతుంది!"

"మీ పరువు మా భుజాల మీద ఉందండీ, మీరు ఊరుకోండి" అన్నాడు చిట్టిబాబు బుట్టకి వెదురుబొంగులు కడుతూ.

నలుగురం నాలుగువైపులా పట్టి లేపాం. మనిషి బక్కపల్చనివాడే. కానీ మేం పెట్టిందంతా లోపలే ఉంది కదా! మాస్టారు ఆయన చేతికర్ర పట్టుకుని ముందు నడిచారు. పద్మ వెనక మజ్జిగ సీసాతో. దేవుడి ఊరేగింపులా సాగాం. ఊరేగింపులో దేవుడు మాత్రం "ఎడమకి... జాగ్రత్త, రాయి... అయ్యో, నన్ను కాదు, రాయిని చూడండి" అంటూ దారి చెబుతున్నాడు.

ఎదురుగా ఒక తెల్లవాళ్ళ గుంపు వచ్చి, పక్కకి తప్పుకుని, టోపీలు తీసి నిలబడింది. వాళ్ళ గైడు నేపాలీలో ఏదో అడిగాడు. పెంబా టోపీ మొహం మీదకి లాక్కున్నాడు.

"ఏమంటున్నాడండీ?" అడిగాను రొప్పుతూ.

"ఎవరు పోయారని అడుగుతున్నాడు."

ఎలా ఎక్కామో ఆ దేవుడికే తెలియాలి, బుట్టలో దేవుడికి కూడా తెలుసనుకోండి. మొత్తానికి పైకి చేరి పెంబాని బండ మీద కూర్చోబెట్టాం. ఎదురుగా పల్చటి మబ్బు. "కాసేపే. తెర తొలుగుతుంది. అటే చూస్తూ ఉండండి" అన్నాడు పెంబా. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని నిలబడ్డారు.

అప్పుడు పద్మ ఒక మాటంది. "ఏవండీ, ఆయన పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

అంతే. అందరం ఒక్కసారి వెనక్కి తిరిగాం. తప్పు చేసినవాళ్ళం, మనిషిని పస్తు ఉంచుతామా? డబ్బాలో పెరుగన్నం ఉంది. "పొట్టకి చలవ" అని పద్మ పెట్టింది. చప్పగా ఉంటుందని చిట్టిబాబు కాస్త కందిపొడి చల్లాడు. పెంబా శిఖరం వైపు, మేమంతా పెంబా వైపు. నోటినిండా ముద్ద ఉండగా ఆయన కళ్ళు ఇంతింతయ్యాయి. రెండు చేతులూ గాల్లో తెగ ఊపేస్తున్నాడు.

"చూశారా, చేతులు అడ్డం పెడుతున్నారు. మొహమాటం!" అన్నాడు చిట్టిబాబు.

మా వైపు భోజనం దగ్గర చేతులు ఊపితే ఇంకాస్త వెయ్యమని. ఇంకో గరిటె పడింది. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. మాస్టారే ముందుకొచ్చి, "పెద్దవాణ్ణి చెబుతున్నాను, కాదనకు బాబూ" అని పూతరేకు స్వయంగా ఆయన నోట్లో పెట్టారు.

పెంబా ఎలాగో మింగి, గొంతు చించుకుని అరిచాడు. "వెనక! వెనక చూడండి!"

తిరిగాం. తెల్లగా ఉంది. మొత్తం మబ్బు.

"ఇప్పటిదాకా ఉంది సార్... శిఖరం మొత్తం... ఎండపడి బంగారంలా..." అన్నాడు పెంబా. ఎండెక్కేదాకా కూర్చున్నాం. మబ్బు కదల్లేదు. నాకు మాస్టారి మొహం చూసే ధైర్యం లేకపోయింది. ఆయనే నా భుజం తట్టారు. ఊళ్ళోకి వచ్చాక ఇడ్లీ హోటల్లో ఎవరో "మంచుకొండ చూశారా మాస్టారూ?" అనడిగితే, "కొండని చూడలేదు గానీ, కొండని చూస్తున్నవాడి మొహం దగ్గరగా చూశానయ్యా. మహాద్భుతం" అన్నారు. అందరూ నవ్వారు. నేను మాత్రం సాంబారు గిన్నెలోకి తల దించుకున్నాను.

వచ్చే ఏడు ఆయన్ని మళ్ళీ తీసుకెళుతున్నాను. పెంబాకే ఫోన్ చేశాను, పాపం ఒప్పుకున్నాడు. అందుకని సకల దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై సముద్రమట్టానికి ఎత్తులో ఉన్న ఏ మనిషికీ ఒక్క మెతుకు వడ్డించను. గైడు నా ఎదుటే ఆకలితో సొమ్మసిల్లినా సరే, ఆయనకి వీపు తిప్పి శిఖరం వైపే చూస్తాను. గట్టు మిత్రులందరిచేతా ఇదే ఒట్టు వేయించాను.

పద్మ మాత్రం వెయ్యనంది. "పోయినసారి ఆయన సరిగ్గా తిననే లేదండీ" అంది.