రేవులో ఎడ్ల కొట్టం

కృష్ణ దాటి నైజాం గట్టుకు పోయే బండ్లు ఆగేచోట, ఎడ్ల నీడకోసం పోయిన వేసవిలో బండివాళ్లమంతా రాళ్లు మోసి కొట్టం కట్టాం. దగ్గరుండి కట్టించింది మా మేనమామే. ఈ రోజు మిరపకాయల బండితో వెళ్తే కొట్టానికి తలుపులు, తాళం. లోపల లారీలు నడిపే షావుకారి బస్తాలు. తాళంచెవి మామ మొలతాడుకు వేలాడుతోంది.

"ఏంది మామా, ఎడ్లకోసమన్నావు గదా?" అన్నాను.

"లారీలొచ్చినయ్ గదరా అబ్బాయ్. ఇంకా ఎడ్లేంది?" అన్నాడు, నా ముఖం చూడకుండా.

బల్లకట్టు వచ్చేదాకా ఎండలోనే నిలబడి, నా పైగుడ్డ తడిపి ఎడ్ల వీపుల మీద కప్పాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి మామ కబురు. ఎల్లుండి వాళ్లమ్మాయి పెళ్లి సామాను నా బండిలోనే తేవాలట.

మీరైతే తెస్తారా?