మిగిలిన తొంభై టీకాలు

గౌలిపుర గల్లీల్లో ఒక చిన్న పశువుల దవాఖాన. అక్కడ మహేందర్ ఇరవై రెండేళ్లుగా కాంపౌండర్. బర్రెల మధ్య పుట్టి పెరిగినవాడు. దూది ముక్క కూడా వృథా పోనివ్వడు. డాక్టరు కుర్చీలోంచి లేస్తే చాలు, ఫ్యాను ఆపేస్తాడు. ఇంట్లోవాళ్లు పిసినారి అంటారు. సర్కారు సొమ్మంటే పదిమంది సొమ్మని నమ్మే పాతకాలపు మనిషి మరి.

కిందటేడు ఆ బుద్ధే కొంప ముంచింది. వానలకు ముందే బర్రెలన్నిటికీ గొంతువాపు టీకా వేయాలి. లేకపోతే ఆ జబ్బు ఒక్క రోజులో ప్రాణం తీస్తుంది. మూడు వందల టీకాలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే డ్రైనేజీ కోసం గల్లీలు తవ్వడంతో చాలామంది బర్రెలను ఊరి బయట చుట్టాల దొడ్లకు తోలుకెళ్లారు. రెండు వందల పది వాడగా తొంభై మిగిలాయి. ఇంకొకరైతే అన్నీ వాడినట్టు రాసేసి చేతులు దులుపుకునేవారు. మహేందర్ వాటిని ఐసు డబ్బాలో పెట్టి, ఆటో ఎక్కి, జిల్లా ఆఫీసులో ఒప్పజెప్పి వచ్చాడు. ఆ సంగతి అదే గల్లీలో ఉండే తన చిన్నమ్మ పుష్పమ్మకు గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

ఈ ఏడు బర్రెలన్నీ తిరిగొచ్చాయి. టీకాలు మాత్రం రెండు వందల ఇరవై వచ్చాయి. మహేందర్ ఆఫీసుకు పరుగెత్తాడు.

"నేనేం జేయాలె భాయ్?" అన్నాడు అక్కడి అధికారి సోమశేఖర్. "రాష్ట్రం ఖర్చుకే లిమిట్ పెట్టిన్రు. పోయినేడు వాడినదాని మీద అయిదు శాతం కంటే ఎక్కువ ఇయ్యొద్దని ఆర్డరు."

"సార్, బర్రెలు మూడు వందలున్నయి. మీరే వచ్చి లెక్కపెట్టుకోన్రి."

"ఆ ఫార్ములాల బర్రెల లెక్కే లేదు."

"మరి నేను వాపసిచ్చిన తొంభై?"

"గవి వాపసిచ్చుడే నీ తప్పు."

రాష్ట్రం అప్పులపాలు కాకూడదనే ఎవరో ఆ లెక్క కట్టి ఉంటారు, కాదనను. కానీ పొదుపు చేసినవాడి చేతులే కట్టేసే లెక్కను ఏమని పిలవాలో నాకు తెలియదు.

ఉస్మాన్‌గంజ్ దాకా తిరిగి మందుల దుకాణాల్లో అడిగాడు. టీకా దొరకలేదు. ఎనభై బర్రెలను వదిలేయాలి. ఎవరివి? అందరూ ఎరిగినవాళ్లే, అందరిదీ పాల మీద బతుకే. ఎటు తిరిగినా గోడే. తనవాళ్లకే వేసుకున్నాడన్న మాట పడలేక చుట్టాల బర్రెలను వరుసలో చివరికి నెట్టాడు. అలా పుష్పమ్మకున్న ఒక్క చూడి బర్రె మిగిలిపోయింది.

వానలు పడ్డ నాలుగో రోజు పొద్దున దాని గొంతు వాచింది. గురక మొదలైంది. మహేందర్ ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు ఇచ్చాడు. మధ్యాహ్నానికి అది పోయింది, కడుపులో దూడతో సహా.

దాని పక్కనే కూలబడి ఉండగా ఫోన్ మోగింది. సోమశేఖర్.

"టీకాలన్నీ వాడినవా?"

"అయిపోయినయి సార్."

"శాబాష్! వచ్చేయేడు నీకు పదకొండు ఎక్కువొస్తయి."

పుష్పమ్మ అంతా వింటూనే ఉంది. తిట్టలేదు, ఏడవలేదు.

"పోయినేడు తొంభై మిగిలినయన్నవు గద బిడ్డా," అంది. "అండ్ల ఒక్కటన్న నాకోసం దాసిపెట్టకపోతివి."

ఏడాది దాచితే గడువు దాటి టీకా పనిచేయదని మహేందర్‌కు తెలుసు. అయినా సిగ్గుతో తల వంచుకుని బర్రె మెడ తాడు విప్పసాగాడు.