ఎక్స్‌రేలో లేని మచ్చ

కొండపల్లిలోని ఆ ఇంట బొమ్మలను చెక్కేవారు, సున్నం పూసేవారు, రంగులు వేసేవారు ఎందరున్నా, కళ్లు దిద్దే చెయ్యి మాత్రం ఒక్కటే. ఇరవై ఏళ్లుగా అది చిన్నకోడలు కనకవల్లిది. కుంచె కొసను పెదవుల నడుమ ఒక్కసారి తిప్పి, వెంట్రుకలన్నిటినీ ఒకే మొనకు చేర్చి, ఊపిరి బిగబట్టి కన్ను పెట్టేది. కుంచెలు అందరివీ, ఎవరికి ఏది అందితే దానినే పెదవులమీద తిప్పుకొనేవారు.

1997 ఎండాకాలంలో ఆమెకు సాయంకాలపు జ్వరం పట్టుకొంది. నాలుగయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, భుజాలు లాగేవి, వేళ్లు వణికేవి. భర్త గంగాధర్ బెజవాడలో ఛాతీ డాక్టరుకు చూపించాడు. టీబీ క్రిమి ఉందేమో చూడడానికి ముంజేతికి సూది వేశారు. మూడోనాటికి అక్కడ రూపాయి బిళ్లంత మేర ఎర్రగా పొంగింది. కఫంలో ఏమీ లేదు. ఎక్స్‌రేలో ఒక్క మచ్చయినా లేదు.

"టీబీ క్రిమి ఒంట్లో ఉందమ్మా, కానీ నిద్రపోతోంది. రోగం లేదు, ఎవరికీ అంటదు. మందులక్కర్లేదు," అన్నాడు డాక్టరు.

"మరి ఈ జ్వరమేంటండీ?"

"అదే తెలీడం లేదు. చూద్దాం."

విన్నది విన్నట్లే ఇంట్లో చెప్పడం కనకవల్లి చేసిన తప్పు.

"ఉందనీ అంటాడు, లేదనీ అంటాడు, వాడేం డాక్టరే!" అన్నది పెద్ద తోడికోడలు సుధామణి. "మందే ఇవ్వని రోగం తగ్గేదెప్పుడు? కోపం తెచ్చుకోకు. నువ్వు నోట్లో పెట్టిన కుంచె రేపు నా కోడలు పెట్టుకోవాలి."

"పెదవులకు తాకించనక్కా. నీళ్లలో ముంచుకుంటా."

"ఇరవయ్యేళ్ల అలవాటు! పరధ్యానంలో పెట్టేస్తావు, నాకు తెలీదూ?"

నిజమే. ఆ మధ్యాహ్నమే రెండుసార్లు పెట్టింది.

మర్నాటినుంచి ఆమె చోటు పెరట్లోకి మారింది. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి, బొమ్మల అతుకులకు ముద్ద నూరే పని. కంచమూ విడిగానే.

ఏడాదిన్నరలో మరి రెండు ఎక్స్‌రేలు తీయించుకొంది. లోపలికి వెళ్లేముందు, మచ్చ ఉండాలని మొక్కుకొనేది. మచ్చ ఉంటే మందు ఉంటుంది. మందు ఉంటే ముగిసే తేదీ ఉంటుంది. టీబీ వచ్చిన ఎదురింటి రత్తయ్య ఆరునెలలు మాత్రలు మింగి నలుగురిలో కలిసిపోయాడు.

"శుభ్రంగా ఉందమ్మా. సంతోషించు," అన్నాడు డాక్టరు మూడోసారీ.

ఇంటికి వచ్చేసరికి సుధామణి గుమ్మంలోనే ఉంది. "ఏమన్నాడే?"

"మచ్చ కనబడిందక్కా. ఆరునెలలు మందులు వాడితే పూర్తిగా పోతుందన్నాడు."

సుధామణి ముఖం తేటపడింది. "హమ్మయ్య! ఇప్పటికైనా తేలింది కదా. రోజూ గుడ్డు ఉడకబెట్టి పంపిస్తా, వంకలు పెట్టకుండా తిను."

నిజం తెలిసిన గంగాధర్ ఎక్స్‌రే కవరును ఎవరి కంటా పడకుండా దాచాడు. బలానికని డాక్టరు రాసిన మాత్రలనే కనకవల్లి అందరికీ కనబడేలా మింగింది. జ్వరం వస్తూనే ఉంది. వచ్చిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పడం మానేసింది.

ఆరునెలలు నిండిన మర్నాడు సుధామణి తానే చెయ్యి పట్టుకొని తెచ్చి, కళ్లు దిద్దే పాత పీటమీద కూర్చోబెట్టింది. "మా కోడలు పెట్టినవన్నీ మెల్లకళ్లే! కొనేవాళ్లు ఎటు చూడాలో తెలీక చస్తున్నారు."

అందరూ నవ్వారు. కనకవల్లీ నవ్వింది. పొద్దుటి బొమ్మలకు కళ్లు చక్కగా కుదిరాయి. నాలుగు దాటాక ఏనుగెక్కిన ఒక మావటివాని బొమ్మకు పెట్టిన కంటి నలుపు చెంపమీదికి జారింది. తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది.

సుధామణి ఆమె నుదుటిమీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకొంది.

"మందులు సరిగ్గానే వాడావా?"

"వాడానక్కా," అన్నది కనకవల్లి. ఇక చెప్పడానికి ఆమె దగ్గర అబద్ధం కూడా మిగలలేదు.