పోటు వేళకి పెట్టిన ముహూర్తం

చాలా ఏళ్ల కిందట ఒక జూన్‌లో నన్ను విశాఖపట్నం కార్పొరేషనులో సముద్రం ఒడ్డునున్న ఒక జోనుకి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా వేశారు. క్లుప్తంగా డీఈ అంటారు. పైనుంచి వచ్చే తిట్లూ, కిందినుంచి వచ్చే సాకులూ కలుసుకునే కుర్చీ అది. వాననీటి కాలువలు నా పని. ఎండాకాలంలో అలాంటి పని ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. వానాకాలంలో మాత్రం నా ఫోన్ నంబరు ఊరందరికీ కంఠతా వచ్చేస్తుంది.

మా ఊళ్లో కొండల మీద పడిన వాన గెడ్డల్లోకి దిగి సముద్రంలోకి పోతుంది. గెడ్డంటే ఒకప్పుడు వాగు. తర్వాత మేమే దానికి రెండు పక్కలా గోడలు కట్టి, అందులోకి మురుగంతా వదిలి, వాననీటి కాలువ అని పేరు పెట్టాం. నా జోనులోని గెడ్డ నూకాలపేట అనే జాలర్ల పేట దగ్గర సముద్రంలో కలుస్తుంది. కలవాలి అంటే సరిగ్గా ఉంటుంది. వానల్లేని నెలల్లో అలలు ఇసక తెచ్చి అక్కడ మేట వేస్తాయి. గెడ్డ నీరు దాని వెనక మడుగు కట్టి కూర్చుంటుంది. పెద్ద వాన పడేలోగా ఆ మేట తవ్వి దారి ఇవ్వకపోతే నీరు వెనక్కి తిరిగి పేటలోకి నడుస్తుంది. ఈ తవ్వడాన్ని మొగ తియ్యడం అంటాం.

ఈ పనికి ఉన్న నియమం ఒక్కటే. సముద్రం వెనక్కి తగ్గిన వేళ, అంటే పాటులో తవ్వాలి. అప్పుడు మడుగు నీరు ఉరికి, తన దారిని తానే వెడల్పు చేసుకుంటుంది. పోటులో తవ్వితే సముద్రమే లోపలికి వస్తుంది, వస్తూ వస్తూ ఇసక కూడా తెస్తుంది. పోటుపాట్ల వేళలు ఏడాది మొత్తానికీ ముందే అచ్చయి వస్తాయి. మా ఆఫీసు గోడకీ ఒక పట్టిక వేలాడేది. ఆ మేకుకే గుమాస్తా తన గొడుగు తగిలించేవాడు.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. మర్నాడు సాయంత్రానికి కుండపోత అని హెచ్చరిక వచ్చింది. వెంటనే నాకు గుర్తొచ్చింది ఎస్తేరు టీచరు ఇల్లు. పేటలో అన్నిటికంటే పల్లంలో ఉన్న ఇల్లది. ఆవిడ మిషను బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త దావీదు గారు స్టీలు ప్లాంటు ఉద్యోగం అయ్యాక, కూర్మన్నపాలెం క్వార్టర్సు ఖాళీ చేసి, సముద్రపు గాలికి ఆశపడి ఈ ఇల్లు కొన్నారు. తుంటి విరిగి, ఆపరేషనై, ఆ వారమే ఇంటికొచ్చి మంచం మీదున్నారు. అంతకుముందు వానకి ఆ గదిలో మురుగు నీరు మంచం పట్టె దాకా వచ్చింది. ఇప్పుడు కుట్లకి ఆ నీరు తగిలితే కాలికే ముప్పని డాక్టరు చెప్పాడట. మనిషిని కదపొద్దని కూడా ఆయనే చెప్పాడట.

ఇక్కడ వార్డు కార్పొరేటరు అప్పలరాజు గారి గురించి చెప్పాలి. మంచి మనిషే. కనిపించిన ప్రతి మగవాణ్నీ బావా అని పిలిచేవారు. వాయుగుండం కబురు నాకు ప్రమాదంలా వినపడితే, ఆయనకి కార్యక్రమంలా వినపడింది. మొగ తీయడానికి పూజ, కొబ్బరికాయ, రిబ్బను, విలేకరులు అన్నీ ఏర్పాటు చేసేశారు. ముహూర్తం మర్నాడు పదిన్నర. పట్టిక మీంచి గొడుగు తీసి చూశాను. పదిన్నరకి సముద్రం నిండుగా పైకొస్తూ ఉంటుంది. పాటు తెల్లవారుతూనే.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన అంతా విని, పోటుని కొంచెం అటూ ఇటూ జరపడానికి వీలుంటుందా అని అడిగారు. వేళాకోళం అనుకుని నవ్వబోయాను. ఆయన నవ్వలేదు.

అక్కణ్నుంచి ఎస్తేరు టీచరింటికి వెళ్లి, పని పదిన్నరకి పెట్టారని చెప్పాను. ఆవిడ నన్ను లెక్క తప్పు చేసిన పిల్లాణ్ని చూసినట్టు చూశారు.

“మీ పనికి ముహూర్తం పెట్టుకోండి బాబూ. మా ఆయనకి పెట్టకండి.”

నాకు తల కొట్టేసినట్టయింది. ముహూర్తం పెట్టిన శాస్త్రి గార్ని పట్టుకున్నాను. ఆయన రోజూ పద్మనాభం నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతారు. బస్టాపులోనే దొరికారు. ఇంత మంచి ముహూర్తం పోటు వేళకే ఎలా కుదిరింది స్వామీ అని అడిగాను.

“నేనెక్కడ పెట్టాను నాయనా? రాజు గారు పదిన్నరకి ఖాళీ అన్నారు. పదిన్నర దివ్యంగా ఉందన్నాను. తెల్లవారుజాము ఇంకా దివ్యంగా ఉంది. ఆయన లేవొద్దూ?”

మిగిలింది పోలయ్య. పేట పెద్ద. మేట మీద ఇసక చదునుగా ఉంటుందని జాలర్లు పడవలన్నీ అక్కడే ఎక్కించి పెడతారు. అవి కదిలితే గాని జేసీబీ దిగదు, పోలయ్య చెప్తే గాని అవి కదలవు. ఆయన వల బాగుచేసుకుంటూ, నా గోడు మొత్తం ఓపిగ్గా విన్నాడు. పోటూ పాటూ గురించి నేనేం చెప్పక్కర్లేదు, ఆయనకీ తెలుసు, అప్పలరాజు గారికీ తెలుసు, పేటలో కోళ్లకి కూడా తెలుసు. చిక్కు అది కాదు.

“మాటిచ్చీసినాను బాబూ. కాయ ఆయన సేత్తోనే కొట్టిత్తానని. ఇప్పుడు కాదంటే ఏటి బాగుంటాది?” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి కాలు పోతుందయ్యా అన్నాను. పోలయ్య వల పక్కన పెట్టాడు.

“కాయ గురించే మాటిచ్చినాను గదా. ఇసక మాట ఆయనా అన్నేదు, నానూ అన్నేదు.”

మరి పూజ లేకుండా మొగ తీస్తే పేటవాళ్లు ఊరుకుంటారా అన్నాను. అమ్మోరికి పసుపు నీళ్లు సాలు, కాయ రాజు గారి కోసం అట్టే పెడదాం అన్నాడు. నా సర్వీసులో ఇంత చక్కటి న్యాయసలహా ఏ ప్రభుత్వ ప్లీడరూ ఇవ్వలేదు.

తెల్లవారేసరికి గోపాలపట్నం నుంచి జేసీబీ వచ్చింది. డ్రైవరు దిగగానే రిబ్బను ఏదని అడిగాడు. పేటవాళ్లు హైసా అంటూ పడవల్ని పక్కకి తోశారు. ఒక పక్క పోలయ్య భార్య ఇసక మీద పసుపు నీళ్లు పోసింది. ఇంకో పక్క ఎస్తేరు టీచరు బైబిలు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఏ మొక్కు ఫలించిందో తేల్చమని మా శాఖనెవరూ అడగలేదు.

తవ్వడానికీ ఒక పద్ధతుంది. సముద్రం వైపు నుంచి మొదలుపెట్టి మడుగు వైపు రావాలి. చివర సన్నటి ఇసక గట్టు ఒకటి మిగల్చాలి. కాలువంతా తయారయ్యాకే దాన్ని కొట్టాలి. కొట్టాం. నల్లటి నీరు కంపు కొడుతూ ఉరికింది. మేం తవ్వింది ఒక పడవ పట్టేంత. చూస్తుండగానే అది నాలుగు పడవలు పట్టేంత అయింది. పోటు తిరిగేసరికి మడుగు ఖాళీ. వాన వస్తే నిలవడానికి చోటు దొరికింది.

పదిన్నర దాటాక అప్పలరాజు గారు తెల్ల చొక్కా, తెల్ల బూట్లతో దిగారు. వెనక విలేకరులు.

“ఏటి బావా ఇది? ఎవుడు తీసీసినాడు?” అని నన్ను నిలదీశారు.

నేను నోరు తెరిచేలోగా పోలయ్య పళ్లెంలో కాయ పట్టుకుని ముందుకొచ్చాడు.

“నీరు ఆగనేదు బాబూ. కాయ మాత్తరం మీ కోసం ఆగింది.”

విలేకరులు చూస్తున్నారు గనక ఆయన జేసీబీ బొచ్చె మీద కాయ కొట్టారు. రెండు పడవలకి కట్టిన రిబ్బను కత్తిరించబోతుంటే పోటు అల ఒకటి వచ్చి ఆయన్ని మోకాళ్ల దాకా తడిపింది. మర్నాడు పేపర్లో ఆ ఫొటోయే వేశారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి పనులు పర్యవేక్షిస్తున్న ప్రజాప్రతినిధి అని రాశారు.

సాయంత్రం వాన దిగింది. సముద్రం మళ్లీ తగ్గుముఖం పట్టింది గాని నాకు నమ్మకం లేదు. ఎస్తేరు టీచరింటి ముందు గొడుగేసుకుని నిలబడ్డాను. వీధిలో నీరు లేచింది. మొదటి మెట్టు మునిగింది. రెండోది మునిగింది. గడపకి మెట్టు దూరంలో నీరు కాసేపు ఆలోచించుకుంది. తర్వాత మెల్లిగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

లోపల్నుంచి దావీదు గారు ఎక్కడి దాకా వచ్చిందని కేకేశారు. రెండో మెట్టు దాటి దిగిపోతోందని టీచరు చెప్పారు. “అయితే ఆ ఇంజినీరు గార్ని లోపలికి రమ్మని టీ పొయ్యి. వానలో ఏటి సేత్తన్నాడు?” అన్నారాయన. నేను వెళ్లి ఆయన మంచం మీదే కూర్చుని తాగాను. మంచం పొడిగా ఉంది.

తర్వాతి కౌన్సిల్ సమావేశంలో మొగ తీయించినందుకు అప్పలరాజు గారికి శాలువా కప్పారు. కార్యక్రమానికి ముందే పని మొదలుపెట్టినందుకు నాకు మెమో ఇచ్చారు. రెండూ ఒకే పనికి. దీని నుంచి నేను నేర్చుకున్నది కూడా చెప్తాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మొగ తియ్యడానికి నేనెవర్నీ పిలవలేదు. తీశాక పిలిచాను. రానివాళ్లెవరూ లేరు.