పాత నంబరుకి మిస్డ్ కాల్

కొత్త సెల్లు రాగానే పాతదాన్ని ఏం చేయాలో తెలియక బీరువాలో పడేసే రోజులవి. తెనాలిలో మా ఆఫీసుకి బాపట్ల కాలేజీ పిల్లలు ఒక అట్టపెట్టె పట్టుకొచ్చారు. సెల్లుల్ని చెత్తలో పారేస్తే బ్యాటరీలోని విషం నేలలోకి, కాలవ నీళ్లలోకి దిగుతుందట. చచ్చినవాటిని విడగొట్టేవాళ్లకి పంపుతారట. పనిచేసేవాటిని అమ్మి, ఆ డబ్బుతో చెవిటి పిల్లలకి చెవి మిషన్లు కొంటారట. అందరికంటే ముందు నా ఫోనే వేశాను. ఆఫీసువాళ్లు కొత్త నంబరుతో కొత్త ఫోను ఇచ్చారు కదా, పుణ్యం, పురుషార్థం రెండూ అనుకున్నాను. సిమ్ము తీయాలన్న ధ్యాసే లేదు. నలుగురూ చూస్తున్నారా లేదా అన్నదే నా ధ్యాస.

మా అక్కది రేపల్లె. స్టేషను దగ్గర ఇడ్లీ కొట్టు నడుపుతుంది. చదువుకోలేదు కాబట్టి, ఆవిడ ఫోనులో రెండో బటను నొక్కిపట్టుకుంటే నాకు వచ్చేలా నేనే పెట్టిచ్చాను. రోజూ పొద్దున బేరం అయ్యాక ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. అంతా బాగానే ఉందని అర్థం. తిరిగి చేయరా అని కూడా అర్థమేమో, నేనెప్పుడూ చేయలేదు. కొత్త నంబరు ఈసారి వెళ్లినప్పుడు మార్చిపెడదాంలే అనుకున్నాను. వెళ్లేసరికి వానాకాలం దాటిపోయింది.

అక్క నన్ను చూసి మురిసిపోయింది.

"ఎన్ని పనులున్నా నన్ను మర్చిపోలేదురా నువ్వు. రోజూ ఆ పిల్లచేత ఫోను చేయిస్తన్నావుగా."

ఏ పిల్ల అని అడగబోయి ఆగాను. అక్కే చెప్పింది. మిస్డ్ కాల్ ఇవ్వగానే ఒకమ్మాయి తిరిగి చేస్తుందట. తిన్నారా, మోకాలు ఎలా ఉంది, మాత్రలు వేసుకున్నారా అని అడుగుతుందట. మీ తమ్ముడుగారు కనుక్కోమన్నారండి అంటుందట. అక్కకి మోకాలు నొప్పన్న సంగతే నాకు తెలియదు.

పెట్టె తెచ్చిన పిల్లల్లో ఎవరో అయ్యుండాలి. పనిచేస్తుందో లేదో చూద్దామని ఛార్జింగ్ పెడితే మోగుంటుంది. అమ్మాల్సిన ఫోనుని అమ్మకుండా ఉంచుకుంది. బ్యాలెన్సు కూడా తనే వేయించుకుంటోంది కాబోలు. నాకు తల తీసేసినట్టయింది. అయినా అక్కకి నిజం చెప్పలేదు. ఆవిడ సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక అంటే అబద్ధమే. నా పరువు పోతుందని చెప్పలేదు.

మర్నాడు బేరం అయ్యాక అక్క రెండో బటను నొక్కిపట్టుకుని, రింగు వెళ్లగానే కట్ చేసింది. నేను పక్కనే కాఫీ తాగుతున్నాను. కాసేపటికే ఫోను మోగింది. ఇడ్లీ పిండి పులియని సంగతి దగ్గర్నుంచి అన్నీ చెప్పుకుని, తమ్ముడు ఇక్కడే ఉన్నాడమ్మా, ఇస్తానుండు అంటూ నా చేతిలో పెట్టింది.

ఆ అమ్మాయి నన్ను కడిగిపారేస్తుందనుకున్నాను. కడిగినా బాగుండేది.

"సార్, ఈ సిమ్ము మీదే కదండి. మిమ్మల్ని అడక్కుండా వాడుతున్నాను. మీరు కనుక్కోమన్నారని అబద్ధం కూడా చెప్పాను. ఏమీ అనుకోకండి" అంది.

అక్క నా మొహంలోకే చూస్తోంది.

"పర్లేదమ్మా. నేను చెప్పినట్టే చేస్తున్నావు" అన్నాను, పెద్దమనిషిలా.