పొన్నంకి పిట్టా, రాలిన జీడిపండూ

పలాసలో రైలు దిగి, జీడిగింజలు కాల్చే బట్టీ పొగ గొంతుకు తగలగానే కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం తలెత్తి పైకి చూస్తాను. ఆ పొగలో ఏ పిట్టా ఎగరదని తెలిసినా మెడ దానంతట అదే లేస్తుంది. ఈ అలవాటు అంటించింది రాజేశ్వరి గారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. చివరి ఏడాది ఆవిడ చేసిన ఒక పని మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. రాస్తేనైనా అర్థమవుతుందేమోనని రాస్తున్నాను.

తొంభైల చివర్లో ఆవిడ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే పనికి చేరాను. మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. భర్త పోయాక ఫ్యాక్టరీ ఆవిడే నడిపేవారు. మేమంతా అమ్మగోరు అనేవాళ్ళం. చెక్కుచెదరని పప్పు గుండు, రెండుగా విడిపోయింది బద్ద. ఎటూ కాకుండా మధ్యలో సన్నని గీత ఉన్నదే ప్రాణం తీసేది. కొత్తలో అలాంటి పప్పొకటి పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే ఆవిడ వచ్చి నా వెనక నిలబడ్డారు.

“ఏటే పద్మా, దానికి జాతకం సూత్తన్నావేటి?”

“గుండో బద్దో తెలట్నేదండి అమ్మగోరూ.”

“అనుమానమొచ్చినాదా, బద్దలో ఎయ్యి. గుండు అన్న మాటకి ఇలువుండాల.”

పిట్టల విషయంలోనూ ఆవిడది అదే పద్ధతి, అనుమానముంటే రాసేవారు కాదు. ఉగాదికి డైరీలో కొత్త పేజీ తీసి, ఆ యేడు చూసిన పిట్టల పేర్లు మళ్ళీ మొదటినుంచీ రాసేవారు. అందరికంటే ముందు కాకి. అది చూసి నేను నవ్వితే, “రోజూ వొచ్చీవోళ్ళకి మర్యాద నేదేటి?” అని కసిరారు. నా కళ్ళు చురుకైనవని ఆదివారాలు వెంటబెట్టుకుని వెళ్ళేవారు. టెక్కలి వైపు చెరువుల్లో గూడబాతులు, బారువ ఒడ్డున ఉల్లంకి పిట్టలు, దారిలో తీగల మీద పాలపిట్టలు. ఊళ్ళోవాళ్ళు ఆవిడకి మతి తప్పిందనుకునేవారు. నాకూ లోపల్లోపల అదే అనుమానం. ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను, ఇదంతా ఎందుకండీ అని.

“నిరుడొచ్చినవోళ్ళు ఈ యేడూ వొచ్చినారో నేదో తెలియొద్దేటి?” అన్నారు.

ఆవిడకు కావలసిన పిట్ట మాత్రం ఏ యేడూ దొరకలేదు. పొన్నంకి పిట్ట. వీపు ఆకుపచ్చ, తోక కింద ఎరుపు. తొలకరి ముందు వచ్చి, తోటల నీడలో ఎండుటాకుల మీద గెంతుతూ పురుగులేరుకుని, నాలుగు రోజులుండి వెళ్ళిపోతుంది. చిన్నప్పుడు ఉద్దానంలో వాళ్ళ నాన్న జీడితోటలో చూశారట. ఆ తోట ఇంకా ఆవిడదే. ఒక వేసవి చివర అక్కడ చెట్టు కింద ఎర్రగా ఏదో కదిలింది. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మెల్లగా దగ్గరికి వెళ్తే రాలిన జీడిమామిడి పండు ఒకటి పడి ఉంది. పిట్ట మమ్మల్ని చూసి పారిపోయిందనీ, పక్కనే పండు ఉండడం మన ఖర్మ అనీ నేను వాదించాను.

“గాలికి పండు దొర్లినాదేమోనే. ఇది బద్దే” అన్నారు. ఇంటికొచ్చి ఏమీ రాయలేదు. నాకు ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను.

తర్వాత ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఆ జబ్బు తెలియని ఇల్లు లేదు. డయాలసిస్‌కి విశాఖ వెళ్ళి రావడంతోనే ఒంట్లో ఓపిక అయిపోయేది. ఇక తోట దాకా ఏం నడుస్తారు!

“ఈ యేడు నువ్వెల్లి సూడే. నాను సూడనిది రాయను గానీ, ఎవులెవులొచ్చినారో ఇనాలనుంది” అన్నారు.

వానలకు ముందు, మబ్బు పట్టిన ఒక ఆదివారం వెళ్ళాను. అదే తోట. చెట్టు కింద ఎర్రగా ఏదో కదిలింది, ఎండుటాకులు గలగలమన్నాయి. దగ్గరికి వెళ్తే పండు. చుట్టూ వెతికాను, ఇంకేమీ లేదు. పిట్టని చూశానని అబద్ధం చెబితే ఆవిడ మొహం వెలిగేదే. కానీ ఆవిడ ముందు నాకు నోరు రాలేదు. ఉన్నదున్నట్టే చెప్పాను.

“ఎగిరినాదా?”

“ఆకుల సప్పుడైనాదండి. ఎగరడం నాను సూడనేదు.”

ఆవిడ డైరీ అడిగి తీసుకున్నారు. అందులో పొన్నంకి పిట్ట అని రాశారు. నేను నిర్ఘాంతపోయాను.

“అమ్మగోరూ, అది బద్ద కదండీ!”

“తెలుసునే” అన్నారు. “ఆ కిటికీ ఏసెయ్యి, ఈగలొచ్చెత్తన్నాయి.”

అంతే. మరుసటి ఉగాదికి ఆవిడ లేరు.

ఆశకు లొంగిపోయారా? నేను ఉత్త చేతులతో వచ్చానని బాధపడకూడదనుకున్నారా? అన్నేళ్ళు నిలబెట్టిన మాటను అంత తేలిగ్గా ఎలా వదిలేశారని ఒకోసారి కోపమొస్తుంది. ఆ వెంటనే ఏడుపొస్తుంది. ఏది నిజమో తేల్చుకోలేను. ఇప్పుడు గ్రేడింగ్ హాలు చూసేది నేనే. గీత ఉన్న పప్పు పట్టుకుని కొత్త పిల్లలు అడిగితే, బద్దలో వెయ్యమనే చెబుతాను.

ఉగాది నుంచి ఉగాదికి నేనూ పిట్టల పేర్లు రాస్తున్నాను, ముందు కాకితోనే. పొన్నంకి పిట్ట ఇంతవరకూ అందులోకి రాలేదు. తొలకరి ముందు ఆ తోటకి వెళ్తాను. ఎండుటాకుల్లో ఎర్రగా ఏదైనా కదిలితే, ఇప్పుడు దగ్గరికి వెళ్ళి చూడను. ఉన్నచోటే ఆగిపోతాను.